మంచి స్టీలున్న పాతకాలపు జేబుచాకు: ఎలా ఎంచుకోవాలి, ఎలా పరీక్షించాలి, ఎలా పదును పెట్టాలి

నా దగ్గరున్న జేబుచాకుల్లో అన్నిటికంటే గొప్ప స్టీలున్నది ఒకటి, అన్నిటికంటే బాగా తెగేది ఇంకొకటి. మొదటిది ఎం390 అనే ఖరీదైన స్టీలు. రెండోది మామూలు 1095 కార్బన్ స్టీలు, దాని మీద తుప్పు మరకలు కూడా ఉన్నాయి. ఈ సంగతి చాలాకాలం నాకు మింగుడుపడలేదు. చివరికి వెర్నియర్ కాలిపర్ పెట్టి కొలిస్తే విషయం బయటపడింది. ఎం390 చాకు వాదర (అంటే తెగే అంచు) వెనక మందం అరమిల్లీమీటరు దాటి ఉంది. పైగా దాన్ని నేను ఇన్నాళ్లూ రుద్దుతున్నది పాత మామూలు సానరాయి మీద. తప్పు స్టీలుది కాదు, నాది, దాన్ని చెక్కినవాళ్లది. అందుకే ఈ వరుస రాస్తున్నాను. మీరు ఇలాంటి చాకు కొనబోతుంటే, లేదా కొని సొరుగులో పడేసి ఉంటే, ఈ క్రమంలో చూసుకుంటూ వెళ్లండి.

ముందుగా ఒక మాట. పాతకాలపు జేబుచాకు అంటే ఇక్కడ నా ఉద్దేశం స్లిప్‌జాయింట్. దీనికి తాళం ఉండదు. తెరిచిన బ్లేడును పట్టి ఉంచేది పిడి వెన్నులో ఉన్న స్ప్రింగు బిగువు ఒక్కటే. గోరు పెట్టి లాగడానికి బ్లేడు మీద చిన్న గాడి, పిడికి ఎముకో కొమ్మో కర్రో, చివర్లలో బోల్‌స్టర్లు అనే లోహపు తొడుగులు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్, జర్మనీలోని జోలింగెన్, ఫ్రాన్స్‌లోని తియేర్ ఊళ్లు వందల ఏళ్లుగా ఇవే చేశాయి. తర్వాత అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం వీటికి పెట్టింది పేరయింది. కేస్ కంపెనీ బ్రాడ్‌ఫర్డ్‌లో ఉంది. 2006లో మొదలైన గ్రేట్ ఈస్టర్న్ కట్లరీ అదే రాష్ట్రంలోని టైటస్‌విల్‌లో ఉంది. ఈ పాత రూపంలో కొత్తరకం పౌడర్ స్టీలు పెట్టి చేసేవాళ్లలో ఇటలీలోని మానియాగోకు చెందిన లయన్‌స్టీల్ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. వాళ్ల స్లిప్‌జాయింట్లలో చాలావాటిని ఎం390తో చేశారు.

1. స్టీలు కంటే ముందు నమూనా

ఎన్ని బ్లేడులు కావాలో ముందు తేల్చుకోండి. పాత నమూనాల్లో స్టాక్‌మన్ అనేదానిలో మూడు, ట్రాపర్‌లో రెండు, బార్లోలో ఒకటో రెండో ఉంటాయి. చూడ్డానికి మూడు బ్లేడులు ముచ్చటగానే ఉంటాయి కానీ మంచి స్టీలు విషయంలో నా సలహా ఒక్కటే బ్లేడు. గట్టి స్టీలుకు పదును పెట్టడం ఒక పని అనుకుంటే మూడు బ్లేడులు మూడు పనులు. పైగా వాటిలో రెండిటిని ఏడాదికోసారి కూడా తెరవం. ఒక్క బ్లేడు చాకులో బ్లేడు సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది, శుభ్రం చేయడమూ తేలిక.

బ్లేడు పొడవు 7 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటే రోజువారీ పనులన్నీ జరిగిపోతాయి. జేబులో పెట్టుకు తిరగాలంటే మీరున్న చోట చట్టం ఏం చెబుతోందో ముందే చూసుకోండి. దేశానికో రూలు ఉంటుంది. ఉదాహరణకు ఇంగ్లండ్‌లో తాళం లేకుండా మడిచేది, తెగే అంచు 3 అంగుళాలు మించనిది అయితే ప్రత్యేక కారణం చెప్పకుండానే వెంట ఉంచుకోవచ్చు. అదే చాకుకు తాళం ఉంటే ఆ వెసులుబాటు లేదు. ఇక విమానంలో చేతిసంచిలో పెట్టుకుని వెళ్లి సెక్యూరిటీ దగ్గర పోగొట్టుకున్నవాళ్ల జాబితాలో మీరు చేరకండి.

2. స్టీలు పేరు చదవడం నేర్చుకోండి

పాతకాలపు చాకుల్లో ఎక్కువగా ఉండేది మామూలు కార్బన్ స్టీలు. 1095 అంటే అందులో కార్బన్ సుమారు 0.95 శాతం, క్రోమియం దాదాపు లేనట్టే. రాయి మీద నాలుగుసార్లు లాగితే పదును వచ్చేస్తుంది. తుడవడం మరిచిపోతే తెల్లారేసరికి తుప్పూ వచ్చేస్తుంది. దీనికి మరో చివర స్విస్ ఆర్మీ చాకుల స్టెయిన్‌లెస్ ఉంది. రాక్‌వెల్ కొలతలో దాని గట్టిదనం 56 దగ్గర. తుప్పు పట్టదు, విరగదు, కానీ పదును తొందరగా పోతుంది.

ప్రీమియం అని పిలిచే స్టీళ్లలో చాలావరకు పౌడర్ పద్ధతిలో చేసినవి. ఎందుకు పొడి చేయాలి? కరిగిన లోహాన్ని పెద్ద అచ్చులో పోస్తే అది నెమ్మదిగా చల్లారుతుంది. ఆ లోపల కార్బన్, క్రోమియం, వనేడియం కలిసి కార్బైడ్ అనే గట్టి రేణువులుగా ఏర్పడతాయి. నిదానంగా చల్లారే కొద్దీ ఆ రేణువులు పెద్ద గడ్డలుగా పేరుకుంటాయి. అలాంటి గడ్డ సరిగ్గా వాదర మీదికి వచ్చిందంటే అక్కడ పెచ్చు ఊడుతుంది. పౌడర్ పద్ధతిలో కరిగిన ధారను గట్టి పీడనంతో వచ్చే వాయువుతో చెదరగొడతారు. ప్రతి తుంపరా రెప్పపాటులో గడ్డకడుతుంది కాబట్టి కార్బైడ్లకు పెరిగే వ్యవధి ఉండదు. ఆ పొడిని డబ్బాలో మూసి, వేడి, ఒత్తిడి కలిపి ముద్ద చేస్తారు. గట్టి రేణువులు బోలెడు ఉంటాయి, కానీ అన్నీ సన్నవే. అరుగుదలకు తట్టుకుంటుంది, మరీ పెళుసుగానూ ఉండదు.

ఇప్పుడు పేర్లు. అమెరికాలోని క్రూసిబుల్ కంపెనీ 2001లో ఎస్30వీ తెచ్చింది. ఇది కత్తుల కోసమే తయారైన స్టీలు. అందులో వనేడియం 4 శాతం. 2009లో వనేడియం కొంచెం తగ్గించి, అర శాతం నియోబియం కలిపి ఎస్35వీఎన్ చేశారు. పెళుసుదనం కాస్త తగ్గింది, సాన పట్టడం కాస్త తేలికైంది. ఆస్ట్రియాకు చెందిన బోలర్ వారి ఎం390లో కార్బన్ 1.9, క్రోమియం 20, వనేడియం 4 శాతం. సీపీఎం-20సీవీ, సీటీఎస్-204పీ అనే పేర్లు కనబడితే అవీ దాదాపు ఇదే కూర్పు, చేసిన కంపెనీలు వేరు. 154సీఎం పొడి పద్ధతిలో చేసింది కాదు, అయినా నమ్మకమైనదే.

డీ2 గురించి కొంచెం ఆగి చెప్పాలి. టైటస్‌విల్‌లోనే ఉండిన క్వీన్ కంపెనీ తన పాతరకం చాకుల్లో దీన్ని చాలా వాడింది. ఇందులో క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది. అంత క్రోమియం ఉన్నాక తుప్పు రాకూడదు కదా? వస్తుంది. కారణం, కార్బన్ కూడా ఒకటిన్నర శాతం ఉండడంతో క్రోమియంలో చాలా భాగాన్ని అది కార్బైడ్లుగా పట్టేసుకుంటుంది. తుప్పును ఆపేది లోహంలో కరిగి ఉన్న క్రోమియం మాత్రమే, కార్బైడ్‌లో బంధించినది కాదు. ఇదే లెక్కను తిరగేసి లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త రూపొందించిన మాగ్నాకట్ 2021లో వచ్చింది. అందులో క్రోమియం 10.7 శాతమే, డీ2 కంటే తక్కువ. కానీ కార్బైడ్లన్నీ వనేడియం, నియోబియంలతో ఏర్పడేలా కూర్చారు. క్రోమియం దాదాపు మొత్తం కరిగే ఉంటుంది. అందుకని డీ2 తుప్పు పట్టే చోట ఇది చెక్కుచెదరదు. కాబట్టి క్రోమియం శాతం చూసి స్టెయిన్‌లెస్ అవునో కాదో తేల్చేయకండి.

ఏది తీసుకోవాలి అని నన్నడిగితే మొదటి చాకుకు ఎస్35వీఎన్ అంటాను. చెమట ఎక్కువ పట్టే చేతులు, ఉప్పుగాలి తగిలే చోటు అయితే మాగ్నాకట్. రోజూ అట్టపెట్టెలు కోసే పని ఉండి, వజ్రపు సానపలక కొనడానికి సిద్ధంగా ఉంటేనే ఎం390. సాన పట్టడమే మీకు సరదా అయితే ఇవేవీ వద్దు, 1095 కొనుక్కోండి, హాయిగా ఉంటుంది.

స్టీలు పేరుతో పాటు గట్టిదనం అంకె కూడా అడగండి. ఎం390కి 60 నుంచి 62, ఎస్35వీఎన్‌కు 59 నుంచి 61 ఉంటే బాగున్నట్టు. పేరు గొప్పగా ఉండి వేడిచేసి చల్లార్చడంలో పొదుపు చేసిన బ్లేడు ఉత్త పేరే. చూపుతో స్టీలును గుర్తుపట్టడం ఎవరి తరమూ కాదు. తయారీదారు బ్లేడు మొదలు మీద స్టీలు పేరు ముద్ర వేసి, గట్టిదనం బయటికి చెప్పే చోటే కొనడం మేలు.

3. వాదర వెనక మందం కొలవండి

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. అసలు తెగడం తెగకపోవడం ఎక్కువగా ఆధారపడేది దీని మీదే. వాదరలో మెరిసే సన్నటి చారలాంటి ఏటవాలు కనిపిస్తుంది కదా, అది మొదలయ్యే చోట బ్లేడు ఎంత మందం ఉందో చూడాలి. కాలిపర్ ఉంటే అక్కడ తేలిగ్గా పట్టి చూడండి. 0.25 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య ఉంటే జేబుచాకుకు చక్కగా సరిపోతుంది. 0.6 వచ్చిందంటే అది కోయదు, చీలుస్తుంది. కాలిపర్ లేకపోతే దళసరి అట్టలో ఒక పొడవాటి గీత కోసి చూడండి. బ్లేడు దిగాక పక్కల నుంచి అట్ట బిగిసి పట్టేస్తుంటే పదును ఉన్నా మందం ఎక్కువన్నమాట.

స్లిప్‌జాయింట్ అసలు గొప్పదనం ఇక్కడే. తాళం లేదు కాబట్టి దీంతో ఎవరూ పెకలించే పనులు చేయరు, చేయకూడదు. మరి అలాంటప్పుడు బ్లేడు దుక్కలా ఉండాల్సిన అవసరం ఏముంది? పలుచటి బ్లేడు, గట్టి స్టీలు, ఈ రెండూ కలిసినప్పుడే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది.

4. చేతికొచ్చాక చేయాల్సిన పరీక్షలు

చాకు అందగానే కోయడం మొదలుపెట్టకండి. ఒకసారి వాడితే చాలామంది వెనక్కి తీసుకోరు. టేబుల్ లైటు కింద కూర్చుని పది నిమిషాలు చూడండి.

మూసిన చాకును లైటుకు అడ్డంగా పట్టి, వెన్ను స్ప్రింగుకూ పక్కనున్న లైనర్ రేకులకూ మధ్య నుంచి వెలుతురు వస్తోందా చూడండి. వెంట్రుకవాసి సందు ఒకచోట ఉంటే నేను పట్టించుకోను. పొడవునా గీతలా వెలుగు కనిపిస్తే బిగింపు సరిగా లేదని అర్థం. తర్వాత వెన్ను మీద గోరు నడపండి. తెరిచినప్పుడూ మూసినప్పుడూ స్ప్రింగు లైనర్లతో సమంగా ఉండాలి, గోరుకు మెట్టు తగలకూడదు. కొన్నిటిలో బ్లేడు సగం తెరుచుకున్నాక, లంబంగా ఆగే చోటు ఒకటి ఉంటుంది. దాన్ని హాఫ్ స్టాప్ అంటారు. అక్కడ కూడా సమంగా ఉంటే చేసినవాడి చేతిలో పనితనం ఉన్నట్టే.

ఇప్పుడు తెరిచి మూయండి. చాకు సంగతి తెలిసినవాళ్లు దీన్ని వాక్ అండ్ టాక్ అంటారు, అంటే నడక, పలుకు. బ్లేడు మెత్తగా నడిచి, చివర్లో టక్కుమని ఖచ్చితమైన చప్పుడు చేయాలి. నీరసంగా వాలిపోతే స్ప్రింగు బలహీనం. లాగడానికి పట్టే బలాన్ని 1 నుంచి 10 దాకా లెక్కిస్తారు. 5, 6 హాయిగా ఉంటుంది. 8 దాటితే గోళ్లు విరుగుతాయి. కొత్తలో కొంచెం బిగుతుగా ఉన్నది నూనెతో, వాడకంతో సర్దుకుంటుంది. పటకారు పెట్టి లాగడం మాత్రం చేయకండి.

తెరిచిన బ్లేడు మొనను రెండు వేళ్లతో పట్టి కుడి ఎడమలకు, పైకి కిందికి నెమ్మదిగా కదపండి. పక్కలకు కొద్దిగా కదిలితే కొన్నాళ్లకు అది పెరుగుతుందే కానీ తగ్గదు. ఇరుసు పిన్నును సుత్తితో కొట్టి బిగించినవి ఎక్కువ కాబట్టి స్క్రూ తిప్పి సరిచేసే వీలుండదు. కొత్త తయారీల్లో కొన్నిటికి స్క్రూ ఇరుసు ఉంటుంది, అది నిజంగా సుఖం.

అన్నిటికంటే ముఖ్యమైనది కాగితం పరీక్ష. బ్లేడు మూసుకున్నప్పుడు దాని వాదర లోపలి స్ప్రింగుకు తగలకూడదు. తగలకుండా ఆపేది బ్లేడు మొదట్లో కింది వైపున ఉండే చిన్న బుడిపె, కిక్ అంటారు. అది స్ప్రింగు మీద ఆనుకుంటే వాదర గాలిలో ఉండిపోతుంది. పలుచటి కాగితం నుంచి పిడి గాడిలో పట్టేంత సన్నటి ముక్క కత్తిరించి, కిక్ ఆనే చోటు వదిలేసి, స్ప్రింగు పొడవునా పరచండి. బ్లేడును చేత్తో ఆపుతూ నెమ్మదిగా మూయండి. తెరిచి చూస్తే కాగితం మీద గాటు ఉందా? ఉంటే చాకు వెనక్కి పంపేయండి. గాటు లేకపోతే ఈసారి మామూలుగా, టక్కుమనేలా మూయండి. ఇప్పుడు గాటు పడితే వేగంగా మూసినప్పుడు మాత్రమే తగులుతోందని అర్థం. ఇది చాలా చాకుల్లో ఉంటుంది. మూసేటప్పుడు చివరి దాకా వేలితో ఆపితే సరిపోతుంది.

ఇది తెలియక నేను పడ్డ అవస్థ చెప్తాను. చక్కగా సాన పట్టిన బ్లేడుతో కాగితం కోస్తుంటే ప్రతిసారీ ఒకే చోట చిన్నగా పట్టుకుని చిరుగుతోంది. లైటు కింద వాదరను నిటారుగా పట్టి చూశాను. పదునైన అంచు వెలుగును తిప్పికొట్టదు, సన్నటి నల్లని గీతలా ఉంటుంది. ఆ గీతలో మొనకు కాస్త ఇవతల సూదిమొనంత తెల్లటి చుక్క మెరుస్తోంది. అది నొక్కు. మళ్లీ సాన పట్టి తీసేశాను. రెండు రోజులకు అదే చోట అదే చుక్క. టీవీ ముందు కూర్చుని ఊరికే తెరుస్తూ మూస్తూ టక్ టక్ మనిపించే అలవాటు నాకుంది. దాని ఫలితం అది.

కొందరు మొన పిడి బయటికి కొంచెం పొడుచుకొచ్చిందని కిక్‌ను ఆకురాయితో అరగదీస్తారు. అలా చేస్తే మొన లోపలికి దిగుతుంది నిజమే, దాంతో పాటు వాదర కూడా స్ప్రింగు మీదికి దిగుతుంది. కాగితం పరీక్ష చేయకుండా ఆ పనికి దిగకండి. ఒకసారి అరిగిన కిక్ తిరిగి రాదు.

5. మొదటి శుభ్రం, మొదటి నూనె

కొత్త చాకు లోపల పాలిష్ చేసిన పౌడరు, లోహపు రజను మిగిలి ఉంటాయి. బ్లేడు స్టెయిన్‌లెస్ అని ఊరుకోకండి. కొన్నిటిలో స్ప్రింగు మామూలు కార్బన్ స్టీలుదే ఉంటుంది. తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది.

పిడి కృత్రిమ పదార్థంది అయితే గోరువెచ్చటి నీళ్లలో గిన్నెల సబ్బు చుక్క వేసి, తెరుస్తూ మూస్తూ కడిగి, గాలి ఊది పూర్తిగా ఆరబెట్టండి. ఎముక, కొమ్ము, కర్ర అయితే నీళ్లలో నానబెట్టకూడదు. అవి నీటిని పీల్చి ఉబ్బుతాయి, ఆరేటప్పుడు పిన్నుల దగ్గర పగుళ్లిస్తాయి. వాటికి నూనెతోనే శుభ్రం. ఇరుసు దగ్గర, స్ప్రింగు బ్లేడు మొదలును తాకే చోట ఒక్కో చుక్క మినరల్ ఆయిల్ వేసి ఇరవైసార్లు తెరిచి మూయండి. సందుల్లోంచి నల్లటి బురద బయటికొస్తుంది. తుడవండి, మళ్లీ చుక్క వేయండి. నూనె తెల్లగా వచ్చేదాకా ఇదే. మూడు నాలుగు సార్లకు వచ్చేస్తుంది, నడక కూడా తేడా తెలుస్తుంది.

వంటనూనె వాడకండి. కొన్ని వారాలకు అది జిగురుగా మారి అంతా పట్టేస్తుంది. ఈ చాకుతో పండ్లు అవీ కోస్తారు కాబట్టి ఆహారానికి పనికొచ్చే మినరల్ ఆయిలే మంచిది.

6. వాడేటప్పుడు

తాళం లేదన్న సంగతి వేళ్లకు గుర్తుండాలి. పొడవడం, గుచ్చి తిప్పడం, డబ్బా మూత పెకలించడం వద్దు. బ్లేడు వెన్ను మీద బలం పడితే అది మీ వేళ్ల మీదికే మూసుకుంటుంది. మూసేటప్పుడు పిడిని అరచేతిలో కిందనుంచి పట్టుకుని, వేళ్ల కొసలు గాడి దారిలో లేకుండా చూసుకుని, రెండో చేతి వేళ్లతో బ్లేడు వెన్నును నొక్కండి. హాఫ్ స్టాప్ ఉంటే అక్కడ ఒక క్షణం ఆగి, వేళ్లు సర్దుకుని మిగతాది మూయండి.

గట్టి స్టీలుకు నిలువు బలం తట్టుకునే శక్తి బాగానే ఉంటుంది. పక్కకు మెలితిప్పితే మాత్రం పెచ్చు ఊడుతుంది. కర్ర చెక్కేటప్పుడు బ్లేడు ఇరుక్కుంటే మెలితిప్పకుండా వెనక్కి లాగండి. పింగాణీ పళ్లెం మీద, రాతి గట్టు మీద కోయకండి. పౌడర్ స్టీలైనా అక్కడ గంగలో కలిసినట్టే.

7. పదును పెట్టడం

మామూలు సానరాళ్లలో రాపిడి పదార్థం ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడ్. వనేడియం కార్బైడ్ దానికంటే గట్టిది. రాయి కార్బైడ్ చుట్టూ ఉన్న లోహాన్ని అరగదీస్తుంది కానీ కార్బైడ్‌ను కోయలేదు. అందుకే గంటసేపు రుద్దినా అంచు జారుడుగా, నిస్తేజంగా ఉండిపోతుంది. ఎస్30వీ, ఎస్35వీఎన్, ఎం390, మాగ్నాకట్ వీటన్నిటికీ వజ్రపు పలక లేదా సీబీఎన్ (వజ్రం తర్వాత అంత గట్టిదైన బోరాన్ నైట్రైడ్) రాయి తీసుకోండి. రెండు పలకలు చాలు, 600, 1200 గ్రిట్ (అంకె పెరిగే కొద్దీ పలక రేణువులు సన్నం). నొక్కులు పడితేనో, మందం తగ్గించాలంటేనో 325 కావాలి.

సాన పట్టే ముందు బోల్‌స్టర్ల మీద కాగితపు టేపు చుట్టండి. లేకపోతే పలక అంచు తగిలి గీతలు పడతాయి. వాదర ఏటవాలు మీద రెండు వైపులా నల్ల మార్కర్ పూయండి.

కోణం ఒక్కో వైపు 15 నుంచి 17 డిగ్రీలు. డిగ్రీలు కంటితో కొలవలేం కదా, దానికో చిట్కా ఉంది. బ్లేడు వెడల్పులో నాలుగో వంతు ఎత్తుకు వెన్నును లేపితే దాదాపు 15 డిగ్రీలవుతుంది. బ్లేడు వెడల్పు 16 మిల్లీమీటర్లయితే వెన్ను మధ్యభాగం పలక నుంచి 4 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఆ ఎత్తుకు నాణేలు పేర్చి పక్కన పెట్టుకుంటే మొదట్లో కొలత చూసుకోవడానికి పనికొస్తాయి. నాలుగైదుసార్లకు మణికట్టుకు అలవాటైపోతుంది.

పలక మీద నీళ్లు చిలకరించి, బ్లేడు మొదటి నుంచి మొన దాకా ఒకే ఊపులో లాగండి. వజ్రం తనే కోస్తుంది, బలం పెట్టక్కర్లేదు. చాకు సొంత బరువుకు కాస్త ఎక్కువ చాలు. గట్టిగా నొక్కితే వజ్రపు రేణువులు ఊడి పలక పాడవుతుంది. రెండు లాగుల తర్వాత మార్కర్ చూడండి. ఏటవాలు పైభాగంలోనే చెరిగితే వెన్ను ఇంకొంచెం లేపాలి. అంచు దగ్గర మాత్రమే చెరిగితే దించాలి. పూర్తిగా చెరిగిపోతే సరైన కోణం దొరికినట్టే. మొన దగ్గర వంపు తిరిగే చోట పిడిని కొంచెం పైకెత్తండి, లేకపోతే అక్కడ పదును రాదు.

మొదలు దగ్గర జాగ్రత్త. పాతకాలపు చాకుల్లో చాలావాటికి వాదర మొదలయ్యే చోట గాటు ఉండదు. అంతవరకూ పలక చేరక, అక్కడ ఒక చిన్న ముక్క అరగకుండా మిగిలిపోతుంది. ఏడాది గడిచేసరికి అది పన్నులా నిలబడి, ముందున్న భాగం గుంటపడుతుంది. ప్రతి లాగూ పలక మూల నుంచి, వాదర మొట్టమొదటి బిందువు నుంచి మొదలుపెట్టండి. తయారీదారే అక్కడ చిన్న గాటు పెట్టి ఉంటే అదృష్టం. అందం చెడిందని కొందరు సణుగుతారు కానీ నేను దాన్నే ఇష్టపడతాను.

ఒక వైపే రుద్దుతూ ఉంటే కొంతసేపటికి అవతలి వైపు అంచు మీద సన్నటి తీగలాంటి గరుకు ఏర్పడుతుంది. దాన్ని బర్ అంటారు. బొటనవేలిని వెన్ను వైపు నుంచి అంచు బయటికి అడ్డంగా జరిపితే తగులుతుంది. అంచు పొడవునా వేలు నడపకండి, తెగుతుంది. మొదలు నుంచి మొన దాకా బర్ తగిలేదాకా వైపు మార్చవద్దు. తగిలాక రెండో వైపు కూడా అలాగే. కొత్తవాళ్లు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. బర్ రాకముందే సన్న పలకకు మారిపోతారు.

1200 పలక మీద లాగులు తగ్గించుకుంటూ రండి. ఒక్కో వైపు ఐదు, తర్వాత మూడు, తర్వాత ఒకటి మార్చి ఒకటి. చివరి లాగులు ఈక తగిలినంత తేలిగ్గా ఉండాలి. ఎం390 బర్ మొండిది, ఊడినట్టే ఉండి ఇంకో వైపుకు వాలిపోతుంది. ఊడిందో లేదో లైటు కింద చూడండి, ఎక్కడా మెరుపు ఉండకూడదు. మిగిలితే రెండు మూడు లాగులు కోణం ఒక డిగ్రీ పెంచి లాగండి.

ఆఖరున చెక్క మీద అంటించిన తోలు ముక్కకు 1 మైక్రాన్ వజ్రపు పేస్టు పూసి, అంచును వెనక ఉంచి ఒక్కో వైపు పదిసార్లు లాగండి. పచ్చరంగు క్రోమియం ఆక్సైడ్ పేస్టు కార్బన్ స్టీలుకు చాలా బాగుంటుంది, వనేడియం ఎక్కువున్న స్టీలుకు మాత్రం పెద్దగా పని చేయదు. వారానికోసారి తోలు మీద ఇలా లాగుతుంటే పలక దగ్గరికి వెళ్లే పని నెలల తరబడి పడకపోవచ్చు. పూర్తిగా మొద్దుబారేదాకా ఆగితే ఈ స్టీళ్లు కసి తీర్చుకుంటాయి.

పని చేస్తున్నంతసేపూ మొన కిందికి, ఇరుసు పైకి ఉండేలా చూసుకోండి. వజ్రపు రజను కలిసిన నీళ్లు జాయింట్‌లోకి వెళ్తే అది లోపల ఆకురాయిలా పని చేస్తుంది. అయ్యాక ఐదో మెట్టులో చెప్పిన నూనె పని ఇంకోసారి.

8. దాచేటప్పుడు

తోలు సంచిలో రోజూ వెంట తీసుకెళ్లవచ్చు, నెలల తరబడి అందులోనే దాచకూడదు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలును శుద్ధి చేసేటప్పుడు వాడిన రసాయనాలూ కొన్ని అందులో మిగిలే ఉంటాయి. బ్లేడు మీద, స్ప్రింగు మీద పలుచగా నూనె తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టి పొడి చోట పెట్టండి.

పాత చాకులు కూడా మీ దగ్గరుంటే సెల్యులాయిడ్ పిడి ఉన్నవాటిని వేరే పెట్టెలో పెట్టండి. ముత్యపు మెరుపుతో, రంగురంగుల చారలతో ఉండేవి ఎక్కువగా అవే. సెల్యులాయిడ్ ముసలిదయ్యే కొద్దీ విచ్చిపోతూ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరికి తన సొంత బ్లేడే కాదు, పక్కనున్న చాకులు కూడా తుప్పెక్కుతాయి. పెట్టె తెరవగానే ఘాటైన వాసన వచ్చినా, పిన్నుల చుట్టూ పచ్చటి చిలుము కనిపించినా ఆ చాకును ఆ రోజే బయటికి తీసేసి, మిగతావాటిని ఒక్కొక్కటిగా తెరిచి స్ప్రింగు లోపలి వైపు టార్చి వేసి చూడండి.